ఈశాన్యంలో కుంట

1980 మార్చి 9, ఆదివారం

ఈరోజు నాకొక సర్‌ప్రైజ్ ఇచ్చారు. ఐదెకరాల స్థలం. శ్యామ్ కార్ ఆపి, దిగి, చెయ్యి చాపి, ఇదే మన ఇల్లు అన్నాడు. అక్కడ ఇల్లు లేదు. ఎండిన గడ్డి, ముళ్ళతీగ ఫెన్స్, మూలన ఒక కుంట ఉన్నాయి. బేరం అయిపోయిందట. నన్నొక మాట అడగాలని తోచలేదా అంటే, అడిగితే సర్‌ప్రైజ్ ఎలా అవుతుంది శశీ అన్నాడు.

డైరీలో శ్యామ్ అనే రాస్తాను, అన్నాడు అనే రాస్తాను. బయట 'ఏమండీ' ఎలాగూ తప్పదు.

మామయ్య గారు జేబులోంచి దిక్సూచి తీశారు. రిటైర్డ్ తహసీల్దార్. మనవరాలిని చూసుకోవడానికని పోయిన నెలలో తెనాలి నుంచి అమెరికా వచ్చారు. సూట్‌కేస్‌లో ఆవకాయతో పాటు దిక్సూచి కూడా వచ్చిందని నాకు ఇవాళే తెలిసింది. స్థలం చుట్టూ తిరిగి వచ్చేసరికి మొహం వెలిగిపోతోంది. నైరుతి ఎత్తు, ఈశాన్యం పల్లం, ఆ పల్లంలో నీళ్ళు. సర్వీసంతా భూములే చూశానమ్మా, ఇంత లక్షణమైన నేల చూడలేదు అన్నారు. వాస్తు కోసం జనం డబ్బు పోసి గొయ్యి తవ్వించుకుంటారు, ఇక్కడ భగవంతుడే తవ్వి పెట్టాడు అన్నారు.

నేను కుంట దాకా వెళ్ళాను. పళ్ళెం బోర్లించి గీసినంత గుండ్రంగా ఉంది. చుట్టూ ఫెన్స్ కర్రలన్నీ నీళ్ళవైపు వంగి ఉన్నాయి. గట్టు విరిగిన చోట ఎర్రమట్టి కింద తెల్లటి రాయి కనిపించింది. గోటితో గీస్తే గీత పడింది. నీళ్ళకి కరిగే రాయి. జిప్సం.

భగవంతుడు తవ్వాడన్నది నిజమే. తవ్వడం ఆపలేదు, అదే చిక్కు.

మార్చి 11

లంచ్ మానేసి ఆఫీసులో, విమానంలోంచి తీసిన ఆ ప్రాంతం ఏరియల్ ఫోటోలు వెతికి చూశాను. రోడ్లు వేసేవాళ్ళ కోసం నేలలోంచి తొలిచి తీసిన రాతి కడ్డీలు, అంటే కోర్లు చూసి, కింద ఏముందో రాయడం నా ఉద్యోగం. వాల్తేరులో ఎమ్మెస్సీ జియాలజీ, ఇక్కడ ఓక్లహోమాలో, నార్మన్‌లో ఇంకో మాస్టర్స్. మా ఇంట్లో దీన్ని రాళ్ళ ఉద్యోగం అంటారు.

ఫోటోలో మా కుంట ఒక్కటే కాదు. అలాంటి గుండ్రటి గుంటలు వరసగా ఉన్నాయి, పక్కనున్న ఆవుల రాంచ్ దాకా. కొన్నిట్లో నీళ్ళు, కొన్ని ఖాళీ. వాటికి పైన ఒక వాగు వస్తూ వస్తూ మధ్యలోనే మాయమైంది. వాగులు మాయం కావు, కిందికి దిగుతాయి. మళ్ళీ రెండు మైళ్ళ అవతల చేదు నీటి ఊటగా పైకొస్తాయి. ఆ చేదంతా కరిగిన జిప్సమే. అంటే అంత రాయి కింద నుంచి పోయింది, అంత ఖాళీ కింద మిగిలింది.

శ్యామ్‌కి ఫోటో చూపించాను. బావుంది, మూన్‌లా ఉంది అన్నాడు.

మార్చి 16, ఆదివారం

అన్నాల దగ్గర మొదలుపెట్టాను. అన్నం కుప్పచేసి మధ్యలో గుంట చేసి చారు పోశాను. చారు పైన నిలవదు, అడుక్కి దిగుతుంది, కాసేపటికి అంచులు వాటంతటవే కూలతాయి, మన స్థలం ఇదే అని చెప్పాను. కింద జిప్సం, ఇంకా కింద ఉప్పు. రెండూ నీళ్ళకి కరిగేవే.

మా అమ్మాయి రేణు వెంటనే తన కంచంలో చేసింది. అంచు కూలగానే అమ్మా, హౌస్ పడిపోయింది అని చప్పట్లు కొట్టింది. అన్నంతో ఆటలేమిటని మామయ్య గారు దాన్ని కసిరారు. ఎవరిని కసిరారో నాకు తెలుసు.

శ్యామ్ తన ఆయుధం తీశాడు. సెప్టిక్ ట్యాంక్ కోసం బిల్డర్ పెర్క్ టెస్ట్ చేయించాడట. గుంట తవ్వి నీళ్ళు పోసి ఎంత త్వరగా ఇంకుతాయో చూడటం. కౌంటీలో ఇంత బాగా ఇంకిన నేల ఇంకొకటి చూడలేదని ఇన్‌స్పెక్టర్ మెచ్చుకున్నాడట. అంత తొందరగా నీళ్ళు ఎక్కడికి పోతున్నాయో ఎవరైనా అడిగారా అన్నాను. మీరు పేషెంట్ కడుపు ఎక్కడ కొయ్యాలో నేనెప్పుడైనా చెప్పానా అని కూడా అన్నాను. శ్యామ్ సర్జన్. ప్రతి కడుపునొప్పికీ కత్తి పట్టుకోం శశీ అన్నాడు.

అప్పుడు మామయ్య గారు మెల్లిగా, శాస్త్రం ప్రకారం నీరు ఇంకకూడదే, నిలవాలే అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. అమెరికా లెక్కలో పాసైన నేల మన శాస్త్రంలో ఫెయిలన్నమాట. అయితే మీ శాస్త్రం ప్రకారమే పరీక్ష చేయండి, మీకు అనుకూలంగా వస్తే నేనిక నోరెత్తను అన్నాను.

ఆ మాట అనాల్సింది కాదు.

మార్చి 22, శనివారం

మామయ్య గారు స్నానం చేసి, సంధ్య వార్చి, పట్టుపంచె కట్టుకుని వచ్చారు. ఆ గాలిలో పట్టుపంచె. పక్క రాంచ్ వాళ్ళ ఆవులన్నీ ఫెన్స్ దగ్గరికొచ్చి చూశాయి.

శ్యామ్ మూరెడు గొయ్యి తవ్వాడు. తవ్విన మట్టితోనే పూడ్చాలి. మట్టి చాలకపోతే ఆ నేల వదిలెయ్యాలి, సరిపోతే పరవాలేదు, మిగిలితే శ్రేష్ఠం. మిగిలింది. మిగలక ఏమవుతుంది, ఏ మట్టి తవ్వినా గుల్లవుతుంది. మళ్ళీ తవ్వి నీళ్ళు పోశారు. ఆయన తూర్పుగా కాస్త నడిచి వచ్చి చూశారు. నీళ్ళు కదల్లేదు.

ఆ పరీక్ష కుంట పక్కన చెయ్యమని నేను బతిమాలాను. ఇంటి నడిబొడ్డున చెయ్యాలి, బ్రహ్మస్థానంలో, మూలల్లో కాదు అన్నారు. నడిబొడ్డున దిట్టమైన ఎర్ర బంకమట్టి. వారమైనా నీళ్ళు నిలుస్తాయి. పైనున్న బంకమట్టికి కిందున్న గుహ సంగతి తెలియదు. ఇదంతా నాకు ముందే తెలుసు. తెలిసీ పందెం కాశాను. ఓడినందుకు కాదు, ఆ పందెం కాసినందుకు సిగ్గుగా ఉంది.

ఆయన నా తలమీద చెయ్యి పెట్టి, చదువుకున్నదానివి, భయం సహజం అన్నారు. భయం కాదండీ, జిప్సం అన్నాను.

మార్చి 23

ఓడితే నోరెత్తనని మాటిచ్చాను. ఎత్తుతాను.

ఏప్రిల్ 20

ఫౌండేషన్ పోశారు. పూజ గది ఈశాన్యం మూలన. అంటే కుంటకి మరీ దగ్గర.

ఇవాళ ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పేశాను. మీరు కట్టుకోండి. నేను మాత్రం ఆ ఇంట్లో ఒక్క రాత్రి కూడా పడుకోను, రేణు పడుకోదు. టౌన్‌లో ఇప్పుడున్న అద్దె ఇంటి లీజ్ నా పేరున రెన్యూ చేయించాను. శ్యామ్ నవ్వాడు. తర్వాత నవ్వడం ఆపాడు. మామయ్య గారు పేపర్ తిరగేశారు. అది ఇంగ్లీష్ పేపర్ స్పోర్ట్స్ పేజీ, ఆయనకి బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియదు.

ఓక్లహోమా సిటీ నుంచి నా ఫ్రెండ్ జయంతి ఫోన్ చేసింది. శ్యామ్ పురమాయించి ఉంటాడు. అందరికీ ఇల్లు దొరకడం లేదంటే నీకు ఇల్లు బరువైందా, నలుగురూ ఏమనుకుంటారు, డాక్టర్ గారి భార్య వేరే ఉంటోందంటారు అంది. అననీ అన్నాను. పిల్ల చెవిన పడుతుంది కదే అంది. పిల్ల గోతిలో పడటం కంటే నయమే అన్నాను. ఫోన్ పెట్టేసింది.

జూన్ 7, శనివారం

పేపర్‌లో వచ్చింది. టెక్సాస్‌లో వింక్ అనే ఊరి దగ్గర, నూనె బావుల మధ్య, నేల కుంగిపోయింది. ముందు చిన్న గొయ్యి, మర్నాటికి పెద్ద చెరువంత. కింద ఎక్కడో లోతున ఉప్పు కరిగి ఖాళీ అయిందని రాశారు. ఆ పేజీ కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించాను.

అది ఆయిల్ ఫీల్డ్, మన దగ్గర ఆయిల్ ఎక్కడుంది అన్నాడు శ్యామ్. మన దగ్గర ఉప్పుంది, నీళ్ళున్నాయి, వంటకి ఇంకేం కావాలి అన్నాను. సాయంత్రానికి ఆ పేజీ మీద పిజ్జా కూపన్ ఉంది. కూపన్ తీసి దాని కింద పెట్టాను.

జులై 13

ఎండలు. రేడియోలో రోజూ రికార్డ్ అంటున్నారు. కుంట సగానికి దిగింది. ఈశాన్యంలో నీరు తగ్గితే లక్ష్మి తగ్గినట్టేనట. మామయ్య గారు కొత్త బోరు నుంచి కుంటలోకి హోస్ వేయించారు. ఇంటి కప్పు మీద పడే వాన కూడా రేపు అటే పోయేలా గొట్టాలు తిప్పించారు. హోస్ పొద్దస్తమానం పారుతూనే ఉంది, కుంట నిండట్లేదు. భూమాత దాహంతో ఉందమ్మా అంటున్నారు.

నేను వెళ్ళి పంపు కట్టేశాను. ఆయన వెళ్ళి విప్పారు. మళ్ళీ కట్టాను. మళ్ళీ విప్పారు.  బిల్డర్ మనుషులు నిచ్చెన మీద నిలబడి చూస్తున్నారు. కరిగే రాయి మీద రోజంతా మంచినీళ్ళు పోస్తున్నాం, పైగా దానికి దణ్ణం కూడా పెడుతున్నాం. ఏడుపొచ్చింది. కోపంతో.

ఆగస్ట్ 14

రేణు సమ్మర్ క్యాంప్‌లో, శ్యామ్ ఆపరేషన్లో. ఇంట్లో ఒక్కరే ఉంటే తోచట్లేదంటే మామయ్య గారిని నాతో డ్రిల్లింగ్ దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడ మా బాస్ వేన్, డ్రిల్లర్లు ఉన్నారు.

దారిలో ఆ కొండల్ని చూపించాను. ఎర్రటి గుట్టలు, ప్రతి గుట్ట నెత్తినా తెల్లటి జిప్సం పలక. ఆ పలక ఉన్నంత కాలం గుట్ట నిలుస్తుంది, పలక కరిగి విరిగిన చోట గుట్ట జారిపోతుంది. ఆ వెనకున్న విశాలమైన లోయని నది ఒక్కటే తవ్వలేదండీ, కింద ఉప్పు కరిగి పోయేసరికి పై నేలంతా మెల్లిగా దిగింది అని చెప్పాను. ఎన్నాళ్ళు పట్టిందమ్మా అని అడిగారు. ఇంకా అవుతూనే ఉంది అన్నాను. కిటికీ అద్దం దించి చాలాసేపు చూశారు. నేల ఎత్తుపల్లాలు చదివినవారే ఆయన కూడా, కాకపోతే పైనుంచి.

కోర్ పెట్టె తెరిచారు. గాజులా మెరిసే ముక్క ఒకటి నాకి చూశాను. ఉప్పే. మేమంతా అలాగే చూస్తాం. మామయ్య గారు అదిరిపోయారు. మా ఇంటి కోడలు రాయి నాకడమా, అదీ నలుగురి మధ్యా, ఎంగిలి చేసి మళ్ళీ పెట్టెలో పెట్టడమా అన్నారు. వేన్ ఏమంటున్నారని అడిగితే మీ అందరికీ మడి లేదంటున్నారు అన్నాను. అతనికి ఏం అర్థమైందో గాని టోపీ తీశాడు.

కాసేపటికి ఆయన నా వెనకగా వచ్చి, ఎంగిలి కాని ముక్క ఏదైనా ఉందా అని అడిగారు. ఇచ్చాను. అటు తిరిగి నాలిక మీద పెట్టుకున్నారు. ఉప్పే అన్నారు, ఎవరికో సాక్ష్యం చెప్పినట్టు.

అప్పుడే డ్రిల్ రాడ్ దానంతటది కిందికి జారిపోయింది. ఏ రాయీ తగల్లేదు. డ్రిల్లర్ బూతు మాట అని గేర్ ఆపాడు. మామయ్య గారు అక్కడేముందమ్మా అని అడిగారు. ఏమీ లేదండీ అన్నాను. ఏమీ లేకపోవడమేమిటి అన్నారు. అదేనండీ మార్చి నుంచి నేను చెప్తున్నది అన్నాను.

 తిరిగొచ్చాక, నేను కట్టేసిన పంపు విప్పడానికి ఆయన స్థలం దగ్గరికి వెళ్ళలేదు. కానీ శ్యామ్ వెళ్ళి విప్పాడు, నాన్నగారు మర్చిపోయారనుకుని.

అక్టోబర్ 19, ఆదివారం

గృహప్రవేశం. దసరా ముహూర్తం. ఓక్లహోమా సిటీ, నార్మన్, టల్సా నుంచి జనం కార్లు వేసుకుని వచ్చారు. పీటల మీద కూర్చున్నాను. పాలు పొంగించాను. పులిహోర వడ్డించాను. ఇవేవీ చెయ్యనని నేనెప్పుడూ అనలేదు.

పూజ గదిలో హారతి ఇస్తుంటే గోడ మీద పగులు కనిపించింది. వెంట్రుకంత. మూలనుంచి పైకి. బ్యాగ్‌లోంచి మైక్రోస్కోప్ గాజు స్లయిడ్ తీసి, పగులు మీద అడ్డంగా, రెండు కొసలకీ ప్లాస్టర్ పెట్టి అంటించాను. గోడ కదిలితే గాజు పగులుతుంది. మాకు ఇది మామూలే. మామయ్య గారి చేతిలో హారతి పళ్ళెం అలాగే ఉండిపోయింది. మొదటిరోజే దేవుడి గోడకి బొట్టు బదులు కట్టు కట్టావా అన్నారు. తియ్యకండి మామయ్య గారూ, మీ ఇష్టమొచ్చినన్ని తిట్టండి గాని అది మాత్రం తియ్యకండి అన్నాను.

గృహప్రవేశం నాటి రాత్రి ఇంటివాళ్ళు ఆ ఇంట్లోనే నిద్ర చెయ్యాలి. ఇంటి ఇల్లాలు అసలే తప్పకూడదు. చీకటి పడకముందే రేణు చెయ్యి పట్టుకుని, అందరి మధ్య నుంచి నడిచి కార్ ఎక్కాను. ఎవరో నాలుక చప్పరించారు. జయంతి చేతిలో లడ్డూ అలాగే ఉంది. శ్యామ్ వెనకే వచ్చి, ఈ అవమానం నేను మర్చిపోను శశీ అన్నాడు. మీరు మర్చిపోకుండా బతికుండాలనే నా గొడవంతా అన్నాను.

దారిలో రేణు మనం బ్యాడ్ ఆ అమ్మా అని అడిగింది. కాదు, మనం స్టబర్న్ అన్నాను.

అక్టోబర్ 23

ఆఫీసుకి ఫోన్. మామయ్య గారు. ఎనిమిది నెలల్లో ఆయన నాకు ఫోన్ చెయ్యడం ఇదే మొదలు. రేణుకి జలుబు తగ్గిందా అన్నారు. జలుబు లేదండీ అన్నాను.  తర్వాత, గాజు పగిలిందమ్మా, వచ్చేటప్పుడు ఇంకోటి పట్రా అన్నారు.

వెళ్ళాను. సరిగ్గా మధ్యకి చీలింది. రోజూ సంధ్య అవగానే చూస్తున్నారట. కొత్త ఇల్లు కదా, సర్దుకుంటుందేమో అన్నారు, నా మొహం చూడకుండా. సర్దుకుంటే రెండోది పగలదు అన్నాను. అబ్బాయికి చెప్పారా అంటే, వాడికి నువ్వు చెప్తే కోపం, నేను చెప్తే నవ్వు అన్నారు.

అక్టోబర్ 27, సోమవారం. పొద్దున

రెండోది కూడా పగిలింది. ఆయన ఫోన్‌లో ఇంకో మాట చెప్పారు. కుంటలో నీళ్ళు లేవు.

అదే రోజు, సాయంత్రం

వేన్‌ని వెంటబెట్టుకుని వెళ్ళాను. నిన్న సాయంత్రం దాకా మోకాలు లోతు నీళ్ళట. ఇవాళ బురద, బురద మధ్యలో బావిలాంటి రంధ్రం. హోస్ నీళ్ళు శబ్దం చేస్తూ అందులోకి పోతున్నాయి. వేన్ అంచు దాకా కూడా పోలేదు. ఎవరూ లోపల ఉండొద్దు, ఇప్పుడే అన్నాడు.

శ్యామ్ హాస్పిటల్ నుంచి వచ్చాడు. వేన్ ఇంజనీర్ కాదుగా అన్నాడు. ఇంజనీర్‌ని పిలిపిస్తాను, శనివారం దాకా ఆగుదాం అన్నాడు. గుమ్మంలో నిలబడి అరిచాను. ఏం అరిచానో రాయను. రాయదగ్గ మాటలు కావు, కానీ ఒక్కటీ వెనక్కి తీసుకోను.

మేం అరుచుకుంటుంటే మామయ్య గారు లోపలికి వెళ్ళారు. పూజ గదిలోంచి పటాలు, విగ్రహాలు, గంట, అన్నీ ఒక దుప్పట్లో పెట్టుకుని బయటికొచ్చారు. శ్యామ్ తన ఓల్డ్స్‌మొబిల్ డిక్కీ తెరిచాడు. ఆయన దాన్ని దాటి వచ్చి, తుప్పు పట్టిన నా డాట్సన్ వెనక సీట్లో దేవుళ్ళని పెట్టి, ముందు సీట్లో కూర్చుని, సీట్ బెల్ట్ పెట్టమ్మా నాకు రాదు అన్నారు. కొడుకువైపు చూడలేదు.

శ్యామ్ కాసేపు ఆ గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత వెళ్ళి హోస్ కట్టేశాడు. మా వెనకే డ్రైవ్ చేసుకుని వచ్చాడు.

అక్టోబర్ 31

పూజ గది లేదు. దాని పక్క పడకగది సగం లేదు. పట్టపగలే పోయిందట, పక్క రాంచ్ ఆయన చూశాడు, శబ్దం కూడా పెద్దగా లేదన్నాడు. మిగిలిన సగంలో శ్యామ్ షర్టు హ్యాంగర్‌కి వేలాడుతోంది.

ఆ గదిలో తండ్రీకొడుకులిద్దరూ పడుకునేవాళ్ళు.

నవంబర్ 8, శనివారం

జయంతి ఇంట్లో దీపావళి. అందరూ వచ్చి శ్యామ్ భుజం తట్టారు. ముహూర్తబలం అన్నారు. మంచి ముహూర్తంలో పాలు పొంగించారు కాబట్టి ప్రాణాలు దక్కాయి అన్నారు. ఒకరు ఆ పంతులు గారి ఫోన్ నంబర్ రాసుకున్నారు. నేను వింటూ వింటూ, ప్లేట్ కింద పెట్టి లేచాను. ముహూర్తం కాదండీ, నేను అన్నాను.  మార్చిలో చెప్పాను, ఏప్రిల్‌లో చెప్పాను, గృహప్రవేశం నాడు మీ అందరి ముందు నుంచి నడిచి వెళ్ళాను, నాలుక చప్పరించారు, గుర్తుందా అన్నాను.

జయంతి పాయసం తెస్తానని వంటింట్లోకి పోయింది. శ్యామ్ తల వంచుకుని, అవును, తనే అన్నాడు. చాలా చిన్నగా అన్నాడు. గట్టిగా అనండి, వెనకవాళ్ళకి వినపడలేదు అన్నాను.

గట్టిగా అన్నాడు.

డిసెంబర్ 7

మామయ్య గారి తెనాలి ప్రయాణం సంక్రాంతి తర్వాతకి వాయిదా పడింది. అద్దె ఇంట్లో వంటింటి గోడ మీద ఇవాళ ఒక గాజు స్లయిడ్ కనిపించింది. గోడకి పగులు లేదు. ఏమిటండీ ఇది అంటే, ఉండనీ అన్నారు. రోజూ సంధ్య అవగానే వచ్చి చూస్తున్నారు.

పగిలితే ముందు నాకు చెప్తారట. తర్వాతే వాళ్ళబ్బాయికి.